వారానికో ఆల్బమ్, మధ్యలో లేవకుండా

మొదలు

నాది మందుల షాపు. విజయనగరంలో, గంటస్తంభానికి నడిచి వెళ్ళేంత దూరం. పొద్దున్న తొమ్మిదికి షట్టర్ ఎత్తితే రాత్రి పదికి దించడం. ఆ పదమూడు గంటలూ కౌంటర్ మీద ఫోన్లో పాటలు మోగుతూనే ఉంటాయి. జూన్‌లో ఒక రాత్రి తాళం వేస్తూ, ఇవాళ ఏం విన్నానా అని ఆలోచిస్తే ఒక్క పాట కూడా గుర్తు రాలేదు. వచ్చినవాళ్ళు ఏ మందు అడిగారో అన్నీ గుర్తున్నాయి. పాటలే లేవు.

అందుకని ఈ పని పెట్టుకున్నాను. వారానికి ఒక ఆల్బమ్. మొదటి నుంచి చివరిదాకా, వాళ్ళు పెట్టిన వరసలోనే. ఫోన్ చేతికి అందకూడదు. మధ్యలో లేవకూడదు. ఒకే ఆల్బమ్ వారంలో రెండుసార్లు వినాలి: మొదటిసారి దాని గురించి ఏమీ చదవకుండా, రెండోసారి చదివాక. సినిమా పాటలు మాత్రం వద్దనుకున్నాను. వాటి మీద చిన్నచూపు ఏమీ లేదు. తెలిసిన పాట వస్తే చెవికి పనుండదు, నోరు పాడేస్తుంది. పైగా మన ఇళ్ళలో క్యాసెట్టు అంటే ఒక వైపు ఒక సినిమా, రెండో వైపు ఇంకో సినిమా. వరస అన్న ఊసే లేదు.

అలాగని కూర్చుని వినడం మనకి కొత్తా అంటే, కాదు. ఈ ఊళ్ళోనే ఆదిభట్ల నారాయణదాసు గారు గజ్జె కట్టి హరికథ చెబుతుంటే జనం గంటల తరబడి కదలకుండా విన్నారు. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆయనే మొదటి ప్రిన్సిపాల్. ఆ ఊళ్ళో ఉండి నేను పాటకి ముప్ఫై సెకన్లు ఇచ్చి ‘నెక్స్ట్’ నొక్కుతున్నాను.

1వ వారం: అటక మీది టూ ఇన్ వన్

మొదట ఫోన్‌తోనే మొదలుపెట్టాను. రెండు రాత్రులూ పదిహేను నిమిషాలకే చెయ్యి దాని మీదకి పోయింది. మూడో రోజు అటకెక్కి నాన్నగారి టూ ఇన్ వన్, అంటే రేడియో, క్యాసెట్ ప్లేయర్ కలిసిన పెట్టె, దించాను. క్యాసెట్టులో ఒక పాట దాటేయాలంటే ఫార్వర్డ్ నొక్కి, ఎక్కడిదాకా వెళ్ళిందో ఊహించి, ఆపి, మళ్ళీ వెనక్కి తిప్పాలి. అంత అవస్థ పడే బదులు వినేయడమే నయం. అదే నాకు కావాల్సింది.

ప్లే నొక్కితే లోపల మోటార్ తిరిగే శబ్దం వస్తోంది, టేపు కదలడం లేదు. వెనక స్క్రూలు విప్పి చూస్తే సంగతి తెలిసింది. రబ్బరు బెల్టు కరిగిపోయి, ముదిరిన పాకంలా పుల్లీల చుట్టూ అంటుకుపోయింది. వేలికి తగిలితే మూడు రోజులు వదల్లేదు. ఇక్కడ మందుల షాపు ఉండటం పనికొచ్చింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అచ్చంగా తెప్పించాను. మామూలు సర్జికల్ స్పిరిట్ వాడకండి, కొన్నిటిలో ఇంకేవో కలుపుతారు, టేపుని చదివే హెడ్డు మీద పొర మిగులుతుంది. ఇయర్ బడ్స్ ఇరవై దాకా నల్లబడ్డాయి. హెడ్డు మీద గోధుమరంగు మురికి, అది పాత టేపుల నుంచి రాలిన పొడి. రబ్బరు రోలర్‌కి మాత్రం స్పిరిట్ పెట్టలేదు, ఎండి పగులుతుందని సబ్బు నీళ్ళతో తుడిచాను.

కొత్త బెల్టు కొలత కోసం పుల్లీల చుట్టూ దారం తిప్పి, స్కేలు మీద పెట్టి కొలిచాను. అంతకంటే కొంచెం తక్కువ చుట్టుకొలత ఉన్న బెల్టు పడాలి. మొదట తెచ్చింది మరీ బిగువు, మోటార్ మూలిగింది. రెండోది కుదిరింది. ధర అరవై రూపాయలు. రిపేరు షాపు ముసలాయన "ఇంకా ఇవి ఇనేవోళ్ళున్నారా బాబూ" అని ఒక స్పేర్ బెల్టు ఊరికే ఇచ్చేశారు.

2వ వారం: స్పీడు

పాట వచ్చింది కానీ ఏదో తేడా. ఘంటసాల గొంతు సన్నగా, తొందరగా ఉంది. మా వదిన సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంది. గుమ్మంలో నిలబడి ఒక్క చరణం విని "అర శ్రుతి పైన పాడుతున్నారు" అని లోపలికి వెళ్ళిపోయింది.

మోటార్ వెనక చిన్న కన్నం ఉంటుంది. అందులోకి సన్న స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే వేగం మారుతుంది. అదే పాట ఫోన్లో పెట్టి, రెండూ కలిసేదాకా వెంట్రుకవాసి చొప్పున తిప్పాను. ఎడమకి కొంచెం తిప్పితే ఘంటసాలకి జలుబు చేసినట్టు, కుడికి తిప్పితే చిన్నపిల్లాడు పాడినట్టు. గంటంబావు పట్టింది. తర్వాత హెడ్డు పక్కనున్న స్క్రూ. అది తిప్పుతుంటే ముందు అంతా దుప్పటి కప్పినట్టు వినిపించి, ఒక చోట హఠాత్తుగా తాళాల గలగల తేలింది. అక్కడ ఆపి, స్క్రూ తలకి ఒక చుక్క నెయిల్ పాలిష్ పెట్టాను కదలకుండా. పాలిష్ మా అమ్మాయిది. అడగకుండా తీసినందుకు అక్షింతలు పడ్డాయి.

ఈ వారం ఆల్బమ్ లేదు. రిపేరే ఆల్బమ్.

3వ వారం: ‘హౌ టు నేమ్ ఇట్?’

నాన్నగారి పెట్టెలో దొరికింది. ఇళయరాజా, 1986. త్యాగరాజుకీ, పాతకాలపు జర్మన్ సంగీతకారుడు బాక్‌కీ అంకితం ఇచ్చింది. సినిమా పాట కాదు, గొంతులు పాడే పాటలూ కావు, వయొలిన్లదే రాజ్యం. ఇంట్లో ఇన్నేళ్ళుగా ఉన్నా, నేను దాన్ని హార్లిక్స్ సీసా మూతలా చూశాను తప్ప ఎప్పుడూ వినలేదు.

మొదటిసారి విన్నప్పుడు నోట్సు రాసుకుంటూ విన్నాను. పెద్ద తప్పు. ‘ఇక్కడ వయొలిన్ బాగుంది’ అని రాసేలోపు అసలు బాగున్న చోటు దాటిపోయింది. అప్పటి నుంచి రాయడం సైడు అయిపోయాకే.

రెండోసారికి ట్రాకుల పేర్లు చదివి కూర్చున్నాను. ‘ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్’ అని ఒకటుంది. దాని తర్వాతది ‘అండ్ వుయ్ హాడ్ ఎ టాక్’. అంటే ముందు బాక్ ఇంటికొచ్చాడు, తర్వాత కూర్చుని మాట్లాడుకున్నారు. మొదటి దాంట్లో బాక్ సోలో వయొలిన్ సంగీతం ఒకటి వినిపిస్తుంది, దాని చుట్టూ ఇళయరాజా అల్లుకుంటూ వెళ్తాడు. ఫోన్లో షఫుల్ పెట్టి వింటే ఏమవుతుంది? అతిథి రాకముందే కబుర్లు అయిపోతాయి. షఫుల్ మీద నా కోపానికి ఇది చాలు. 2021లో గాయని అడెల్ అడిగిందని స్పాటిఫై ఆల్బమ్ పేజీలో వరసగా వినిపించే బటన్‌ని ముందుకి తెచ్చింది. ఆవిడకి నా తరఫున ఒక దండం.

4వ వారం: ఎవరో మూలుగుతున్నారు

కొత్త సంగీతం వెతకడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. యాప్ చూపించేది వద్దు. నచ్చిన ఆల్బమ్‌లో ఒక దారం పట్టుకుని తర్వాతదానికి వెళ్ళాలి. ఇళయరాజా ఇంటికి వచ్చినాయన బాక్ కాబట్టి, బాక్ దగ్గరికే వెళ్దామనుకున్నాను. పియానో మీద ‘గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్’, వాయించింది గ్లెన్ గూల్డ్. క్యాసెట్టు ఎక్కడ దొరుకుతుంది, ఫోన్‌కి వైరున్న హెడ్‌ఫోన్ పెట్టాను. నూట చిల్లర కట్టి యాడ్స్ వదిలించుకున్నాను. డౌన్‌లోడ్ చేసుకుని, ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఫోన్ బోర్లా పడుకోబెట్టడం.

పియానో వెనకాల ఎవరో సన్నగా మూలుగుతున్నారు. హెడ్‌ఫోన్ వైరు అనుకున్నాను, పిన్ను తీసి తుడిచాను. వీధిలో కుక్కేమోనని కిటికీ మూశాను. అయినా వస్తోంది. మొదటిసారి చదవకూడదని నియమం కదా, అలాగే విన్నాను. తర్వాత చదివితే అది గూల్డే! వాయిస్తూ కూనిరాగం తీయడం ఆయనకి అలవాటు, ఆ గొంతు రికార్డుల్లోకి ఎక్కేసింది. రెండోసారి ఆ మూలుగు కోసమే చెవి పెట్టుకున్నాను. ఎక్కడ మూలుగు ఎక్కువైతే అక్కడ ఆయనకి బాగా నచ్చిందని అర్థం, అని నా లెక్క.

ఆయన దీన్ని రెండుసార్లు రికార్డు చేశాడు. 1955లో, మళ్ళీ 1981లో. మొదటిది ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో అయిపోతుంది, రెండోది యాభై దాటుతుంది. అంతా అదే సంగీతం. ముందు ‘ఆరియా’ అనే ఒక చిన్న బాణీ, దాని మీద అల్లిన ముప్ఫై వేరియేషన్లు, చివర మళ్ళీ అదే ఆరియా. 1981ది వేసినప్పుడు మొదటి స్వరాలు ఎంత నెమ్మదిగా పడ్డాయంటే, బెల్టు జారిందేమో అని టూ ఇన్ వన్ వైపు చూశాను. ఫోన్లో బెల్టు ఎక్కడిది!

5వ వారం: గొడవ

ఇది పూర్తిగా రాయాలి.

ఘంటసాల భగవద్గీత. ఆయన ఆఖరి రోజుల్లో పాడింది. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయారు. శ్లోకం పాడతారు, వెంటనే తెలుగులో తాత్పర్యం చెబుతారు. మా నాన్నగారి పెట్టెలో అన్నిటికంటే కొత్తగా ఉన్న క్యాసెట్టు అదే, ఎందుకంటే ఎవరూ దాన్ని ఇంట్లో వెయ్యరు. ఎందుకు వెయ్యరో తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు.

నాకు మాత్రం పట్టుదల. ఈ ఊళ్ళో చదువుకున్న మనిషి ఆయన. కృష్ణా జిల్లా నుంచి కుర్రాడిగా వచ్చి, జోలె పట్టి మధుకరం ఎత్తుకుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర పాఠం చెప్పుకున్నాడు. ఆయన పాడిందాన్ని ఒక ఆల్బమ్‌గా ఒక్కసారైనా వినకపోతే ఎలా? ఆదివారం సాయంత్రం ఆరున్నరకి, షాపు మూసిన రోజు, ముందు గదిలో టూ ఇన్ వన్ పెట్టి వాల్యూమ్ బాగానే పెంచాను. కిటికీ తెరిచే ఉంది.

విన్నది పది నిమిషాలు. ఒక్కో శ్లోకానికి రాగం మారుతోంది, ఆ మార్పు తాత్పర్యం మాటల మధ్య నుంచి జారి వస్తోంది. మాట ముగిసిన శ్రుతిలోంచే తర్వాతి శ్లోకం లేస్తోంది. ఇదంతా ఇప్పటిదాకా ఎలా తెలియలేదా అనుకుంటుండగా గేటు దబదబా మోగింది. ఎదురింటి పిన్ని. చేతిలో చీపురు అలాగే ఉంది.

"ఏటయిందిరా? మీ నాన్నకేటయినాది?"

వెనకాల ఇంకో ఇద్దరు. ఒకాయన చెప్పులు విప్పి గేటు బయటే పెట్టి వస్తున్నాడు. నేను నోరు తెరిచేలోపు లోపలి గదిలోంచి నాన్నగారే లేచి వచ్చారు, పంచె సర్దుకుంటూ. ఆయన్ని చూసి పిన్ని "అమ్మయ్య" అని మెట్టు మీద కూలబడింది. నాన్నగారు అందరినీ చూసి, పాట విని, నా వైపు తిరిగి అడిగారు:

"ఎవరు పోయారురా?"

ఆపేశాను. పిన్ని నీళ్ళు తాగి, నన్ను ఐదు నిమిషాలు తిట్టి వెళ్ళింది. మొదటి సైడు సగంలో ఆగింది. ఆల్బమ్‌ని సగంలో వదిలేసింది ఇదొక్కసారే, అదీ నా చేతిలో లేదు.

7వ వారం: ఒకే గది

ఆరో వారం స్టాకు చెకింగు, ఇన్‌కమ్ ట్యాక్సు కాగితాలు, ఏమీ వినలేదు.

గూల్డ్ నుంచి దారం ఇలా దొరికింది. ఆయన గోల్డ్‌బర్గ్ రెండుసార్లూ రికార్డు చేసింది న్యూయార్క్‌లో కొలంబియా కంపెనీ 30వ వీధి స్టూడియోలో. ఒకప్పుడు చర్చిగా ఉన్న కట్టడం. అదే గదిలో 1959లో ట్రంపెట్ వాయించే జాజ్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ చేశాడు, మార్చిలో ఒక రోజు, ఏప్రిల్‌లో ఒక రోజు. సరే, ఈసారి మనిషిని కాక గదిని పట్టుకుని వెళ్దాం అనుకున్నాను.

జాజ్ నాకు పూర్తిగా కొత్త. మొదటి రాత్రి ఒక ట్రాకు చివర ఇంకో ట్రాకు మొదలు మీద పడి కలిసిపోతుంటే, ‘ఇదేదో కొత్త పద్ధతి, గొప్పగా ఉంది’ అనుకున్నాను. మర్నాడు చూస్తే యాప్‌లో క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంది. నేను మెచ్చుకున్నది సెట్టింగుని. మీరు ఈ పని చేస్తే ముందు ఆ సెట్టింగ్ తీసేయండి. ఆటోప్లే కూడా. ఆల్బమ్ అయిపోయాక వచ్చే నిశ్శబ్దంలోకి యాప్ ఇంకెవరి పాటో తోసేస్తుంది.

మూడో రాత్రి వదినని పిలిచాను. ‘సో వాట్’ సగం విని "ఇవి ఖరహరప్రియ రాగం స్వరాలే కదా" అంది. "గమకం లేదు. కానీ స్వరాలు అవే. అదిగో, ఇప్పుడు అర మెట్టు పైకి ఎత్తాడు. మళ్ళీ దించాడు." ఆ తర్వాత నాకు దారి తెలిసింది. పదహారు బార్లు (మన తాళం ఆవర్తాల్లాంటివి) కింద, ఎనిమిది పైన, మళ్ళీ ఎనిమిది కింద. ట్రంపెట్, శాక్సఫోన్ ఎవరు వచ్చినా ఆ మెట్టు ఎక్కి దిగాల్సిందే. ఇల్లు తెలిసినట్టు ఉంది, మనుషులే కొత్త.

చదివాక ఇంకో సంగతి తెలిసి ఎగిరి గంతేశాను. మార్చి రోజున రికార్డింగ్ టేపు మెషీన్ కొంచెం నెమ్మదిగా తిరిగింది. దాంతో రికార్డు మొదటి సైడు ముప్ఫై ఏళ్ళకి పైగా అసలు కంటే కొంచెం వేగంగా, కొంచెం పై శ్రుతిలో మోగింది. 1990లలో గానీ సరిచేయలేదు. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు, అరవై రూపాయల బెల్టు వేసినవాణ్ణి నాకేం సిగ్గు? ఇది చెబితే వదిన "వాళ్ళ ఇంట్లో వదినలు లేరు కాబోలు" అంది.

8వ వారం: మూడు నిమిషాల ద్వారం

వదిన పెట్టిన షరతు: మన ఊరివాళ్ళవి కూడా వినాలి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పాత వయొలిన్ రికార్డులు. విద్యార్థిగా చేరడానికి వస్తే ఈ కళాశాలలో పాఠం చెప్పే ఉద్యోగమే ఇచ్చారట, 1936 నుంచి ప్రిన్సిపాల్. 78 అనే పాత గ్రామఫోన్ రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకి కాస్త అటూ ఇటూ, అంతే. కచేరీలో అరగంట పట్టే రాగాన్ని అందులో సర్దాలి. దీన్ని ఆల్బమ్ అనలేం. కానీ చెవి పెట్టి వింటే చివరి ముప్ఫై సెకన్లలో కమాను వేగం మారడం తెలుస్తుంది, చోటు అయిపోతోందని ఆయనకి తెలుసు. గరగర శబ్దం వెనక నుంచి ఆ కమాను ఎంత బరువుగా దిగుతుందో! నాలుగు విన్నాను. ఒకదాని తర్వాత ఒకటి వద్దని, మధ్యలో రెండేసి నిమిషాలు ఆగాను.

9వ వారం: గ్లాసుల చప్పుడు

‘కైండ్ ఆఫ్ బ్లూ’లో చాలా భాగం పియానో వాయించిన బిల్ ఎవాన్స్‌ని పట్టుకుని ‘వాల్ట్జ్ ఫర్ డెబీ’కి వచ్చాను. 1961 జూన్ 25న న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బులో ముగ్గురు వాయించింది. మొదటిసారి చిరాకు వేసింది. వాళ్ళు అంత మెత్తగా వాయిస్తుంటే జనం మాట్లాడుకుంటున్నారు, గ్లాసులు తగులుతున్నాయి, ఎవరో నవ్వుతున్నారు. మా ఊళ్ళో మూడు లాంతర్ల దగ్గర టీ కొట్టులా ఉంది. బేస్ (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాయించే కుర్రాడు మాత్రం వెనక కూర్చోడు, పియానోతో సమానంగా కబుర్లాడుతుంటాడు.

తర్వాత చదివాను. ఆ బేస్ కుర్రాడు స్కాట్ లఫారో. పాతికేళ్ళవాడు. ఆ రోజు తర్వాత పదకొండు రోజులకి కారు ప్రమాదంలో పోయాడు.

రెండోసారి నేను వాళ్ళ మాటలు విన్నాను, ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళవి. ఏం మాట్లాడుకుంటున్నారో అర్థం కాదు. వాళ్ళకీ ఏమీ తెలియదు. ముందే చదివేసి ఉంటే ఆ చిరాకు నాకు దొరికేది కాదు.

10వ వారం: పెద్ద చెరువు గట్టు

‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’, 1967. శివకుమార్ శర్మ సంతూర్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్ భూషణ్ కాబ్రా గిటార్. కశ్మీర్‌లో ఒక గొర్రెల కాపరి రోజు, పొద్దున్న నుంచి రాత్రి దాకా, రాగాలూ ఆ వేళల వరసలోనే. మొదటిది ఆహిర్ భైరవ్, తెల్లవారు రాగం. నేను రాత్రి పదిన్నరకి వేసి, మొదటి ట్రాకులోనే కునికాను. రెండోసారి తెల్లవారుజామున ఐదింటికి చెరువు గట్టు మీద కూర్చుని విన్నాను. వేణువు వచ్చేసరికి అవతలి గట్టున బర్రెలు నీళ్ళలోకి దిగుతున్నాయి. సాయంత్రం రాగాలు వచ్చేసరికి అప్పుడే తెల్లవారుతోంది, వాకింగ్ వాళ్ళు ఇంత పొద్దున్నే ఇక్కడేమిటని అడుగుతున్నారు. నా రోజు కాపరి రోజుకి సరిపోలేదు. అయినా మొదటి సగం సరిపోయింది.

11, 12 వారాలు

పైడితల్లమ్మ పండగ. సిరిమాను తిరిగే వారం ఊరంతా మైకులే, చుట్టాలు ఇంటి నిండా. వినడం మాట ఎత్తితే నవ్వుతారు. బెల్టు కూడా కొంచెం జారుతోంది, స్పేరు వేశాను.

13వ వారం: రెండో వైపు

సగంలో ఆగిన గీత అలాగే మిగిలిపోయింది. హెడ్‌ఫోన్లో వినేయొచ్చు, కానీ టూ ఇన్ వన్‌కి ఆ సాకెట్ పనిచెయ్యదు, పైగా దొంగతనంగా వినడం నాకు నచ్చలేదు. శనివారమే ఎదురింటికీ పక్కింటికీ వెళ్ళి చెప్పి వచ్చాను: రేపు సాయంత్రం ఆరింటికి భగవద్గీత వేస్తున్నాను, మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. పక్కింటాయన కాసేపు నన్ను పరీక్షగా చూసి, బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగాడు. మాత్రలు నా షాపులోవే.

ఆదివారం ఆరింటికి పిన్ని ప్లాస్టిక్ కుర్చీ తనే తెచ్చుకుని వచ్చింది. నిఘాకి వచ్చిందేమో అనుకున్నాను. నాన్నగారు వాలుకుర్చీలో. మొదటి సైడు మొదటి నుంచి వేశాను. సైడు అయిపోయి టక్కుమంటే ఎవరూ లేవలేదు. తిప్పి వేశాను. రెండో వైపు మధ్యలో కరెంటు ఒకసారి తగ్గి, ఘంటసాల గొంతు ఒక్క క్షణం బరువెక్కి మళ్ళీ సర్దుకుంది. నాన్నగారు కళ్ళు తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నారు.

అయిపోయాక పిన్ని అంది: "ఇన్నేళ్ళు వచ్చినాయి గానీ దీని చివర నేనెప్పుడూ ఇనలేదురా. మొదట్లో రెండు ముక్కలు ఇనేసరికి బండి సందు తిరిగిపోద్ది."

నాన్నగారు క్యాసెట్టు చేతికి అడిగి, మూత మీద దుమ్ము పంచె కొంగుతో తుడిచి, పెట్టెలో అన్నిటికంటే పైన పెట్టారు. పిన్ని కుర్చీ ఎత్తుకుంటూ వచ్చే ఆదివారం ఏం వేస్తావని అడిగింది. శాక్సఫోన్ అని చెప్పాను. మన ఊరి నాదస్వరంలాంటిదేనా అంది. అలాంటిదే అన్నాను.